యాత్ర నిలవాలంటే పని నేర్పాలి

*మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు, ఉరుకుంద... ఏటా లక్షల మంది వచ్చిపోయే పడమటి కర్నూలులో వసతి గదులు కట్టించే దాతలకు కొదవ లేదు. ఆ గదుల్లో పనిచేసే మనుషులకు నాలుగు రోజులు కూర్చోబెట్టి పని నేర్పే ఏర్పాటే కనబడదు. నది, కోట, మగ్గం, ఊరు పది కాలాలు నిలవాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడే.*

గురువారం పొద్దున్నే మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో దిగిన యాత్రికుడు రాత్రి తిరుగు బండి ఎక్కేలోగా ఎంతమంది అతనికి పనిచేసి పెడతారో చూడండి. స్టేషన్ నుంచి రాఘవేంద్రస్వామి మఠం దాకా దాదాపు పదిహేను కిలోమీటర్లు తీసుకెళ్లేది ఆటో డ్రైవర్. గది తాళం తీసేది, బకెట్ కడిగేది, దుప్పటి మార్చేది రూమ్‌బాయ్. తుంగభద్ర మెట్ల దగ్గర లోతుకు పోవద్దని కేకేసేది గజ ఈతగాడు. తులసిమాల కట్టి అమ్మేది ఒకామె. మధ్యాహ్నం అన్నప్రసాదం వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, ఎంగిలి ఎత్తేవాళ్లు వేరు. సాయంత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టే బండి వేరు. యాత్రికుడు వెళ్లిపోయాక ఘాట్ ఊడ్చేవాళ్లు, లాడ్జి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసేవాళ్లు మనకు కనబడనైనా కనబడరు.

వీళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల వాళ్లే. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి వచ్చి బతుకుతున్నవాళ్లు. కష్టపడటం వీళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కారుతున్న కుళాయిని ఎలా ఆపాలి, తడి చెత్తను ఎరువుగా ఎలా మార్చాలి, స్పృహ తప్పిన ముసలాయనకు మొదటి అయిదు నిమిషాల్లో ఏం చేయాలి, కోటను చూడటానికి వచ్చిన కుటుంబానికి దాని కథ తప్పుల్లేకుండా ఎలా చెప్పాలి? ఇవి పుట్టుకతో వచ్చేవి కావు. ఎవరో ఒకరు నేర్పాలి.

ప్రపంచమంతా ఇప్పుడు సుస్థిర పర్యాటకం గురించి మాట్లాడుతోంది. వచ్చే మనుషుల వల్ల వచ్చిన చోటు పాడవకూడదు, అక్కడి వాళ్లకు నిలకడైన పని దొరకాలి అన్నది దాని సారం. స్థానికులకు ఉపాధి కల్పించే, స్థానిక సంస్కృతిని, ఉత్పత్తులను నిలబెట్టే పర్యాటకం 2030 నాటికి రావాలని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి లక్ష్యాల్లో ఒక అంశంగానే రాసుకున్నారు. ఆ మాట ఢిల్లీలోనో మాడ్రిడ్‌లోనో సదస్సుల్లో వినబడితే చాలదు. మంత్రాలయం లాడ్జి మూడో అంతస్తులో తుడుపుగుడ్డ పట్టుకున్న మనిషి దాకా రావాలి. నది బాగుండటం, పాడవటం చాలావరకు అతని చేతుల్లోనే ఉంది.

వచ్చే బస్సులు, పోయే బండ్లు

పడమటి కర్నూలుకు రెండు రకాల రాకపోకలున్నాయి. ఒకవైపు కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి, మహారాష్ట్ర నుంచి, తెలంగాణ నుంచి రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చే బస్సులు. శ్రావణమాసమంతా ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి వచ్చే జనం. రాఘవేంద్రస్వామి ఆరాధన రోజుల్లో, అంటే శ్రావణ బహుళ విదియకు అటూ ఇటూ, మంత్రాలయంలో ఇసుక వేస్తే రాలని రద్దీ. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం. వేసవి మొదట్లో ఆదోని మహాయోగి లక్ష్మమ్మవ్వ జాతర.

మరోవైపు ఇవే మండలాల నుంచి బయటికి పోయే బండ్లు. వాన మొహం చాటేసి, పంట చేతికి రాక, కుటుంబాలకు కుటుంబాలు ‘సుగ్గి’కి కదులుతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతలకు కొందరు, పత్తి తీతకు కొందరు, బెంగళూరు, హైదరాబాద్ కట్టడాల పనికి మరికొందరు. ఇంటికి తాళం పడుతుంది. పిల్లల చదువు నడిమధ్యలో ఆగుతుంది. ముసలివాళ్లు అరుగు మీద మిగిలిపోతారు. పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వస్తోందంటే వలస ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది.

పర్యాటకం ఒక్కటే ఈ వలసను ఆపుతుందని చెప్పడం తప్పు. కాలువలో నీళ్లు, పంటకు ధర, ఉపాధి హామీ పని, ఇవే మొదటి మందు. అయితే లక్షల మంది వచ్చే చోట పుట్టి, పని కోసం నాలుగొందల కిలోమీటర్లు పోవాల్సి రావడం మాత్రం మనం సరిదిద్దుకోగలిగిన లోపం. ఇక్కడి యాత్రా వ్యాపారంలో పని ఉంది, కానీ ఎక్కువగా రోజుకూలీ పని. పండగ పది రోజులు పిలిచి, పదకొండో రోజు పంపించేసే పని. నైపుణ్యం ఉన్నవాణ్ని యజమాని అంత తేలిగ్గా వదులుకోడు. నేర్చిన పనికి నిలకడ ఉంటుంది. శిక్షణను పర్యావరణం కోసం ఎంత కోరుకుంటామో, బతుకుదెరువు కోసమూ అంతే కోరుకోవాలి.

మొదటి పాఠం నీళ్లు

రాష్ట్రంలో వాన తక్కువ పడే ప్రాంతాల్లో పడమటి కర్నూలు ఒకటి. తుంగభద్ర దిగువ కాలువలో నీళ్లు వస్తేనే పడమటి మండలాల చెరువులు, వేసవి నిల్వ ట్యాంకులు నిండుతాయి. కాలువకు చివరనున్న ఊళ్ల కష్టం ఏటా వినేదే. అలాంటి చోట లాడ్జి గదిలో వాడే ప్రతి బకెట్ పక్క ఊరి బిందెతో పోటీ పడుతుంది.

లెక్క చిన్నదే. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజు తిరిగేసరికి దాదాపు ఒక బకెట్ నీళ్లు పారబోస్తుంది. బకెట్‌తో స్నానానికి ఇరవై లీటర్లు చాలు. అయిదు నిమిషాల షవర్ దానికి రెట్టింపు పైగా తాగేస్తుంది. పాతకాలం ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే పది లీటర్ల దాకా పోతుంది. రెండు మీటలున్న ట్యాంకుతో మూడు నుంచి ఆరు లీటర్లలో పని అయిపోతుంది. వంద గదులున్న వసతిగృహంలో ఈ తేడాలన్నీ కలిపితే రోజుకు ఎన్ని ట్యాంకర్లవుతాయో ఊహించుకోవచ్చు.

ఈ తేడా తెచ్చేది గది గదికీ తిరిగే మనిషి. వాషర్ మార్చడం తెలిసిన రూమ్‌బాయ్ ప్లంబర్ కోసం వారం రోజులు ఎదురుచూడడు. ఏ గదిలో ఎంత వాడకముందో మీటర్ చూసి రాసిపెట్టే సూపర్‌వైజర్‌కు ఎక్కడ లీకవుతోందో సాయంత్రానికే తెలిసిపోతుంది. రెండు రోజులుండే అతిథిని ‘దుప్పటి రేపు మార్చమంటారా?’ అని మర్యాదగా అడగడం నేర్పితే ఉతికే నీళ్లు, సబ్బు, శ్రమ సగం మిగులుతాయి. యాసిడ్ సీసా గుమ్మరించకుండా బాత్రూం ఎలా కడగాలో నేర్పితే కాలువలోకి పోయే విషం తగ్గుతుంది, కడిగే మనిషి చేతులు, ఊపిరితిత్తులు కూడా బాగుంటాయి.

మురుగు సంగతి ఇంకా ముఖ్యం. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ చట్టం ఉందని ట్యాంకు యజమానికీ తెలియాలి, దిగమన్నప్పుడు కాదనే హక్కు తనకుందని కార్మికుడికీ తెలియాలి. శుభ్రం చేసే మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టే శుభ్రత మనకొద్దు.

ఈ గడ్డ చరిత్రలోనే నీటి శుభ్రతకు ఒక హెచ్చరిక ఉంది. దత్త మండలాల తొలి ప్రధాన కలెక్టరుగా రాయలసీమకు దగ్గరైన థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గవర్నరునే వదలని జబ్బు యాత్రలో సామాన్యుణ్ని వదులుతుందా? తాగునీటి ట్యాంకును ఎప్పుడు కడగాలి, క్లోరిన్ ఎంత కలపాలి, వడ్డించే చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలి అన్నవి ఇప్పటికీ ప్రాణాలు కాపాడే పాఠాలే.

విస్తరి ఎత్తాక ఏమవుతుంది?

అన్నదానం మన యాత్రాస్థలాలకు ప్రాణం. వేలమందికి వండిన చోట కూరగాయల తొక్కు, మిగిలిన అన్నం, విస్తళ్లు కుప్పలు పడతాయి. వాటిని ప్లాస్టిక్ కవర్లతో, నీళ్ల సీసాలతో కలిపేస్తే చెత్త. విడదీస్తే ఎరువు, గ్యాస్. ఎండుటాకుల పొర, తడి చెత్త పొర, తగినంత తేమ, వారానికోసారి తిరగేయడం. ఇంత శ్రద్ధ పెడితే ఒకటిన్నర రెండు నెలల్లో పొలానికి పనికొచ్చే ఎరువు చేతికొస్తుంది. పత్తి, వేరుశనగ చేల మధ్య ఉన్న క్షేత్రానికి ఎరువు కొనేవాళ్లు దొరకరన్న బాధ లేదు.

ఘన వ్యర్థాల నిర్వహణకు 2016లో కేంద్రం తెచ్చిన నియమాలు ఈ విషయంలో సూటిగానే చెప్పాయి. లైసెన్సు లేని చోట వందమందికి మించి జనం చేరే కార్యక్రమం పెట్టేవాళ్లు మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలి, చెత్తను అక్కడికక్కడే వేరుచేయించాలి అన్నాయి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాల వంటివి దేశమంతా నిషిద్ధం. నీళ్ల సీసా మాత్రం ఆ జాబితాలో లేదు. అందుకే సీసాలో నీళ్లు నింపుకునే చోటు చూపించడం, ఖాళీ సీసా వెనక్కి తీసుకోవడం లాడ్జీల, దుకాణాల బాధ్యత అవుతుంది.

ఇది అయ్యే పనేనా అన్న సందేహానికి తిరుమల సమాధానం. 2022 జూన్ నుంచి కొండ మీద ప్లాస్టిక్‌ను కట్టడి చేశారు, దుకాణాల్లో ప్లాస్టిక్ సీసాల స్థానంలో గాజు సీసాలు వచ్చాయి. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 2002లో, రోజుకు 15 వేల మందికి వండే సౌర ఆవిరి వంటశాలను అక్కడ నెలకొల్పారు. 2000లో మొదలైన శ్రీవారి సేవ మరో పాఠం చెబుతుంది. మామూలు భక్తులకు పని ఎలా చేయాలో చెప్పి, వరసలో నిలబెట్టి, వేలమందితో క్రమంగా సేవ చేయించవచ్చని అది చూపించింది. వారం రోజులు సేవ చేయడానికి వచ్చేవాళ్లకే పని చెప్పి పురమాయిస్తున్నప్పుడు, ఏడాది పొడవునా అదే పనితో బతికేవాళ్లకు ఇంకెంత శ్రద్ధగా నేర్పాలి!

ఎమ్మిగనూరు దుప్పటి ఎవరి మంచం మీద?

మంత్రాలయానికి ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు ఉంది. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ నేతగాళ్ల సహకార సంఘాన్ని నిలబెట్టారు. నూలు ఇచ్చి, నేసిన గుడ్డ తీసుకుని, మజూరీ చేతికిచ్చి, దళారి గుప్పిట్లోంచి మగ్గాన్ని విడిపించిన ప్రయత్నమది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు పేరు మోశాయి. తర్వాత మరమగ్గాల పోటీ, నూలు ధర, తగ్గిన మజూరీ కలిసి మగ్గాల చప్పుడును తగ్గించేశాయి.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కూతవేటు దూరంలో నేసిన దుప్పటి ఉండగా, లాడ్జి మంచాల మీద ఎక్కడినుంచో వచ్చిన పాలియెస్టర్ దుప్పట్లు ఎందుకు? ఇది యజమాని ధర్మబుద్ధికి వదిలేసే సంగతి కాదు, నైపుణ్యంతో తేలే సంగతి. కొనుగోళ్లు చూసే మేనేజరుకు చేనేత గుడ్డ ఎన్ని ఉతుకులకు ఆగుతుందో, ఎంత నీటిలో ఉతకాలో, మొత్తం మీద ఖర్చు ఎంతవుతుందో లెక్కవేయడం రావాలి. నేతగాడికి లాడ్జికి కావలసిన కొలత, గట్టితనం, చెప్పిన తేదీకి సరుకు ఇచ్చే క్రమం తెలియాలి. ఇద్దరూ ఒక శిక్షణలో ఎదురెదురుగా కూర్చుంటే సగం పని అక్కడే అయిపోతుంది.

కేరళలో ఈ పని చేసి చూపించారు. కుమరకంలో 2008 ప్రాంతంలో మొదలైన బాధ్యతాయుత పర్యాటక ప్రయోగంలో, చుట్టుపక్కల కుటుంబశ్రీ మహిళా బృందాలు పండించిన కూరగాయలు హోటళ్లు కొనేలా పంచాయతీ మధ్యలో నిలబడి ఒప్పందం కుదిర్చింది. ధర, నాణ్యత, సరఫరా ముగ్గురూ కలిసి నేర్చుకున్నారు. దాన్నే 2017లో రాష్ట్రమంతటికీ మిషన్‌గా విస్తరించారు.

నేత ఊరే యాత్రాస్థలం కాగలదనడానికి మన పోచంపల్లి సాక్ష్యం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. తుంగభద్ర మీదే ఎగువన, హంపికి ఆవలి ఒడ్డున ఉన్న ఆనెగొందిలో 1997 నుంచి కిష్కింధ ట్రస్టు స్థానిక మహిళలకు అరటినారతో బుట్టలు, చాపలు, సంచులు అల్లడం నేర్పుతోంది. అరటి చెట్టు కొట్టేశాక పారేసే బోదె అక్కడ బతుకుదెరువైంది. ఎమ్మిగనూరులో మగ్గమే ఉంది, నేత తెలిసిన చేతులే ఉన్నాయి. గుంట మగ్గం ముందు కూర్చోబెట్టి పడుగూ పేకా చూపించడం, రంగునీళ్లు కాలువలోకి వదలకుండా శుద్ధి చేయడం, తన శ్రమకు తగిన ధర నిలబడి చెప్పడం, ఈ మూడూ నేర్పితే మంత్రాలయం వచ్చిన కుటుంబం ఒక పూట ఎమ్మిగనూరులో ఆగుతుంది.

కోటకు కథకులు కావాలి

ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అన్నారు. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులతో అంత వెలిగింది. ఊరి తలమీద కొండల వరసలో కోట ఉంది. విజయనగర రాజులకు బలమైన స్థావరం. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత బీజాపూర్ సుల్తానుల పరమైంది. పదిహేడో శతాబ్దంలో ఇక్కడి పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ జామియా మసీదు కట్టించాడు. 1688లో మొగలులు గెలిచి ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చారు. నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఇక్కడి నుంచి జాగీరు ఏలాడు. 1786లో టిప్పు సుల్తాన్ పట్టుకున్నాడు. 1800లో దత్త మండలాలతో పాటు ఇంగ్లీషువాళ్లకు చేరింది.

మంత్రాలయానికీ ఆదోనికీ ముడి కూడా ఈ కథలోనే ఉంది. మంచాల అనే ఊరిని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖానేనని సంప్రదాయ కథనం. అక్కడే స్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. అంటే మంత్రాలయం వచ్చే ప్రతి భక్తుడికీ ఆదోని చూడటానికి ఒక కారణం సిద్ధంగా ఉంది. మసీదు, మఠం, రణమండల ఆంజనేయస్వామి కొండ, కోట, అన్నీ ఒకే కథలో ఇమిడిపోయే ఊళ్లు మనకు ఎన్నున్నాయి?

ఆ కథను చెప్పే మనుషులే తక్కువ. చెప్పేవాళ్లు లేని కోట మీద ఏం జరుగుతుందో రాళ్లను చూస్తే తెలుస్తుంది. గోడల మీద పేర్లు చెక్కుతారు, సీసాలు పారేస్తారు, నిధి ఉందని తవ్వుతారు. శిక్షణ పొందిన గైడు కథ చెప్పడమే కాదు, కాపలా కూడా కాస్తాడు. ఎక్కడ కాలు పెట్టకూడదో చెబుతాడు. ఎండాకాలం ఏ వేళకు కొండ ఎక్కించాలో, వడదెబ్బ తగిలితే ఏం చేయాలో అతనికి తెలుస్తుంది. ఆదోని మనుషులకు ఇందులో ఒక పెట్టుబడి ముందే చేతిలో ఉంది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఇక్కడ వీధిలో వినబడే భాషలు. ఇలాంటి గైడును పెద్ద నగరం ఎంత జీతమిచ్చి తెచ్చుకోవాలి! ఆదోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల లాంటి చోట్ల చరిత్ర చదివే పిల్లలకు కోటే ప్రయోగశాల కావచ్చు. 2020లో కేంద్ర పర్యాటక శాఖ మొదలుపెట్టిన ఆన్‌లైన్ టూరిస్ట్ ఫెసిలిటేటర్ సర్టిఫికెట్ కోర్సు వాళ్లకు మొదటి మెట్టు.

తుగ్గలి మండలం ఎర్రగుడి కొండరాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకటి దారుల వెంట బావులు తవ్వించిన సంగతి, మనుషులకూ పశువులకూ నీడనిచ్చే చెట్లు నాటించిన సంగతి, వైద్యం ఏర్పాటు చేసిన సంగతి చెబుతుంది. బాటసారికి నీళ్లు, నీడ, వైద్యం అందించడం పాలన బాధ్యతని రెండువేల రెండొందల ఏళ్ల కిందటే మన నేల మీద రాతికెక్కింది. రాజులమందగిరిలోనూ అశోకుడి శాసనం ఉంది. ఎర్రగుడికి పిల్లల్ని తీసుకెళ్లి ఈ ముక్క చెప్పగల గైడు ఒక్కడున్నా, వంద బోర్డులు చేయలేని పని చేస్తాడు.

నది పొంగిన రోజు

2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది. భక్తులు పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నదీతీరమంతా మళ్లీ గుండె చిక్కబట్టుకుంది. వాతావరణం మారుతున్న కాలంలో ఇలాంటి రాత్రులు మళ్లీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సహాయక బృందం వచ్చేలోగా అక్కడ ఉండేది లాడ్జి వాచ్‌మన్, ఆటో డ్రైవర్, పుట్టి నడిపే మనిషి, దుకాణదారు. ఏ దారి ఎత్తు మీద ఉంది, కరెంటు మెయిన్ ఎక్కడ ఆపాలి, ముసలివాళ్లను ముందు ఎటు తరలించాలి అన్నది వాళ్లకు చేయించి నేర్పి ఉండాలి. దేవరగట్టు బన్ని ఉత్సవంలో జరిగే కర్రల సమరంలో ఏటా పదులమంది గాయపడుతున్నారు. నెత్తురు ఆపడం, తలకు దెబ్బ తగిలినవాణ్ని కదిలించే తీరు తెలిసిన యువకులు ప్రతి ఊరికీ పదిమంది ఉండటం అక్కడ కనీస అవసరం.

పథకాలున్నాయి, గడపే ఎత్తు

శిక్షణ పథకాలు లేవని కాదు. కేంద్రం 2009-10లో ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ తెచ్చింది. వంట, వడ్డన, గది నిర్వహణ వంటివి కొన్ని వారాల్లో నేర్పే పథకం అది. తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, హైదరాబాద్‌లో 2004 నుంచి పర్యాటక, ఆతిథ్య శిక్షణ సంస్థ నిథమ్ ఉంది. చేతిలో ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో ఉన్న 18 వృత్తుల్లో చాకలి, మంగలి, కుమ్మరి, పూలదండలు కట్టేవాళ్లు, బుట్టలు చాపలు అల్లేవాళ్లు ఉన్నారు. యాత్రాస్థలం నడిచేది సరిగ్గా వీళ్ల మీదే.

మరి ఇవి మన పనివాళ్ల దాకా ఎందుకు చేరడం లేదు? తిరుపతికి వెళ్లి వారాల తరబడి ఉండాలంటే రోజుకూలీ మనిషికి ఇల్లు గడవదు. ఎనిమిదో తరగతి పాసవ్వాలంటే, సుగ్గికి పోయి అయిదులోనే బడి మానేసినవాడు గుమ్మం బయటే ఆగిపోతాడు. పాఠం ఇంగ్లీషులో ఉంటే మిగిలినవాళ్లూ ఆగిపోతారు. గురువారం తరగతి పెడితే ఎవరూ రారు, ఆ రోజే సంపాదన. విశ్వకర్మలో ఒక మంచి సంగతుంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి ఇస్తారు. నేర్చుకోవడం కోసం పస్తుండాల్సిన అవసరం లేని ఈ పద్ధతి ప్రతి శిక్షణకూ రావాలి.

రాయలసీమలోనే దగ్గరి ఉదాహరణ గండికోట. 2024 సెప్టెంబరు 27న ప్రపంచ పర్యాటక దినాన కేంద్రం ప్రారంభించిన ‘పర్యటన్ మిత్ర, పర్యటన్ దీదీ’ని ముందుగా ప్రయోగాత్మకంగా నడపడానికి దేశంలో ఎంచుకున్న కొద్దిచోట్లలో కడప జిల్లా గండికోట ఒకటి. ఆటో, క్యాబ్ డ్రైవర్లు, హోటల్ సిబ్బంది, వీధి వ్యాపారులు, ఇంటి వసతి ఇచ్చేవాళ్లు, గైడ్లు, పోలీసులు, విద్యార్థులు, అందరికీ శుభ్రత, భద్రత, మర్యాద, సుస్థిరత గురించి ఊళ్లోనే నేర్పడం దాని ఉద్దేశం. పర్యాటకుడితో మాట్లాడే ప్రతి మనిషినీ పర్యాటక సిబ్బందిగానే లెక్కించడం అందులోని గొప్ప ఆలోచన. ఏడాది పొడవునా జనం వచ్చే మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు ముక్కోణానికి అది అంతకంటే ఎక్కువగా సరిపోతుంది. ఐరోపాలోనూ 2018లో మొదలైన ఒక పెద్ద ఉమ్మడి ప్రాజెక్టు పర్యాటక సిబ్బందికి కావలసిన నైపుణ్యాలను మూడుగా విడదీసింది. పర్యావరణ నైపుణ్యాలు, డిజిటల్ నైపుణ్యాలు, మనుషులతో మెలిగే నైపుణ్యాలు. ఆ మూడూ మన ఆటో డ్రైవరుకూ కావలసినవే.

ఆరు రోజుల బడి: ఒక ప్రతిపాదన

*మొదటి రోజు, నీళ్లు:* లీకు పట్టడం, వాషర్ మార్చడం, మీటర్ చదవడం, ట్యాంకు కడగడం, క్లోరిన్ కొలత.

*రెండో రోజు, చెత్త:* తడి పొడి వేరుచేయడం, ఎరువు తయారీ, సీసాల సేకరణ, సెప్టిక్ ట్యాంకు చట్టం.

*మూడో రోజు, వంటిల్లు, గది:* ఆహార భద్రత, మిగులు తగ్గించడం, జొన్నరొట్టె, కొర్రన్నం లాంటి స్థానిక వంటలకు ధర కట్టడం, తక్కువ రసాయనాలతో శుభ్రత.

*నాలుగో రోజు, మనిషి:* ఆడవాళ్ల, పిల్లల భద్రత, వృద్ధులకు, దివ్యాంగులకు సాయం, కన్నడ, తమిళ, హిందీ మాటలు యాభై, ఫోన్‌లో చెల్లింపులు, మ్యాపులు.

*అయిదో రోజు, ఆపద:* ప్రథమ చికిత్స, వడదెబ్బ, ఈత ప్రమాదాలు, వరద, జనం తొక్కిసలాట.

*ఆరో రోజు, ఊరి కథ:* ఆదోని కోట, ఎమ్మిగనూరు మగ్గం, ఎర్రగుడి శాసనాలు కాళ్లతో తిరిగి కళ్లతో చూడటం. నోటితో పరీక్ష, చేతితో పరీక్ష. రాతపరీక్ష వద్దు.

ఎవరు మొదలుపెట్టాలి?

ఈ బడికి కొత్త భవనం అక్కర్లేదు. శ్రావణానికి ముందు ఆషాఢంలో యాత్రికుల రద్దీ తగ్గుతుంది, ఏదో ఒక కల్యాణమండపం ఖాళీగా ఉంటుంది. నేర్పేవాళ్లలో తిరుపతి, హైదరాబాద్ నుంచి వచ్చే నిపుణులు ఎంత అవసరమో, ఇరవై ఏళ్లుగా గదులు చూసుకుంటున్న పెద్ద సూపర్‌వైజరు, నది లోతు తెలిసిన గజ ఈతగాడు, కండెలు చుట్టే అవ్వ అంత అవసరం. వాళ్లకూ గురువు భృతి ఇవ్వాలి. ఆడవాళ్లకు సగం చోటు ఉండాలి, ఎందుకంటే వంట, శుభ్రత, పూలు, చిరుతిళ్లు అన్నింట్లో సగానికి పైగా శ్రమ వాళ్లదే. డ్వాక్రా సంఘాల ద్వారా పిలుపు వెళితే ఇంటింటికీ చేరుతుంది.

నేర్చాక ఏమిటన్నది అసలు ప్రశ్న. సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికైతే రెండోసారి ఎవరూ రారు. శిక్షణ పొందిన మనిషికి జీతంలో కొంతైనా తేడా ఉండాలి, ఏడాది పొడవునా పని ఉండాలి. సిబ్బందిలో సగం మందికి శిక్షణ ఇప్పించిన లాడ్జీలకు మునిసిపాలిటీ, పంచాయతీ గుర్తింపు బోర్డు ఇవ్వవచ్చు. గది కట్టించే దాత, దాని ఖర్చులో ఒక చిన్న భాగాన్ని ఆ గదిలో పనిచేసేవాళ్ల శిక్షణకు రాసివ్వవచ్చు. తన పేరు చెక్కిన గది పదేళ్ల తర్వాత కూడా గదిలా ఉండాలంటే అంతకంటే మంచి పెట్టుబడి లేదు.

యాత్రికులుగా మన వాటా కూడా ఉంది. గది తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. తాగే నీళ్లు నింపుకునే చోటు ఎక్కడ? చెత్తను వేరుచేస్తున్నారా? ఈ దుప్పటి ఎక్కడిది? వందమంది అడిగితే యజమాని వింటాడు. వెయ్యిమంది అడిగితే తన మనుషులకు నేర్పిస్తాడు.

మఠం, దేవాదాయ శాఖ, రెండు పట్టణాల మునిసిపాలిటీలు, నేతగాళ్ల సంఘం, లాడ్జీల యజమానులు, ఆటో యూనియన్లు ఒక్కసారి ఒకచోట కూర్చుంటే చాలు, తొలి బ్యాచ్‌కు దారి పడుతుంది. వచ్చే ఆరాధనకు ముందు వందమందితో మొదలుపెట్టినా, అయిదేళ్లలో ఈ ప్రాంతపు ప్రతి లాడ్జిలో, ప్రతి ఘాట్‌లో, ప్రతి ఆటో స్టాండులో పని తెలిసిన మనిషి ఒకరుంటారు. తుంగభద్రను, ఆదోని కోటను, ఎమ్మిగనూరు మగ్గాన్ని కాపాడగలిగేది వాళ్లే. వాళ్లకు నేర్పే బాధ్యత, నేర్చిన పనికి తగిన కూలి ఇచ్చే బాధ్యత ఈ యాత్ర మీద బతికే ప్రతి సంస్థదీ, ఈ యాత్రకు వచ్చే మన అందరిదీ.